కప్ప, పంది, ఎలుగుబంటి: మపెట్ సినిమాల్లో మీ ఇంటికి ఏది?

డిసెంబర్ ఆఖరి వారంలో మా ఇంట్లో ఒక గొడవ ఖాయం. అక్క, బావగారు పిల్లల్ని తీసుకుని డాలస్ నుంచి హైదరాబాద్ వస్తారు. వాళ్ల జెట్‌లాగ్ తీరకముందే ఒక రాత్రి హాల్లో పరుపులు పరిచి, అందరం కలిసి ఒక మపెట్ సినిమా, అంటే చేత్తో ఆడించే గుడ్డబొమ్మల సినిమా, చూడటం కొన్నేళ్లుగా ఆనవాయితీ అయిపోయింది. ఏ సినిమా అన్నదే పేచీ. బావగారికి 'క్రిస్మస్ కెరోల్' తప్ప ఇంకోటి ఆనదు. పదేళ్ల మేనకోడలికి సముద్రపు దొంగలు కావాలి. దాని తమ్ముడికి రెండు కప్పలున్న సినిమా కావాలి. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా "ఆ కప్పకీ పందికీ పెళ్లవుతుందే, అది పెట్టండిరా" అంటుంది. నాకు నచ్చిన లండన్ సినిమాకి నా ఓటు ఒక్కటే పడుతుంది. ప్రతి ఏడూ డిపాజిట్ గల్లంతు.

ఇన్నేళ్లు పోట్లాడాక తెలిసిందేంటంటే, మేం అందరం ఒకే ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు. బావగారు ఏది గొప్ప సినిమానో చెబుతున్నారు. పిల్లలు దేన్ని పదిసార్లు చూడొచ్చో చెబుతున్నారు. అమ్మ తనకి ఏది అర్థమవుతుందో చెబుతోంది. అందుకని మీరు కొత్తగా మొదలుపెడుతుంటే ర్యాంకుల జోలికి పోకుండా, మీ హాల్లో ఎవరెవరు కూర్చుంటారో ముందు లెక్కేసుకోండి.

అసలు ఈ బొమ్మల సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జిమ్ హెన్సన్ అనే ఆయన 1955లో వాషింగ్టన్‌లో ఒక టీవీ కార్యక్రమం కోసం వాళ్లమ్మ పాత కోటు గుడ్డతో, పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి కళ్లుగా పెట్టి ఒక బొమ్మ చేశాడు. అదే తర్వాత కెర్మిట్ అనే కప్ప అయింది. 1976 నుంచి 1981 దాకా ఇంగ్లండ్‌లో తీసిన 'ది మపెట్ షో' 120 భాగాలు నడిచి ప్రపంచమంతా తిరిగింది. ఆ ముఠానే సినిమాల్లోకి వచ్చింది. కెర్మిట్ నాటకం కంపెనీ మేనేజర్ లాంటివాడు, అందరి తలనొప్పులూ వాడివే. మిస్ పిగ్గీ తనని తాను మహానటి అనుకునే పంది, కోపం వస్తే కరాటే దెబ్బ కొడుతుంది. ఫోజీ అనే ఎలుగుబంటి వేసే జోకులకి ఎవరూ నవ్వరు. గోంజో అసలు ఏ జంతువో ఎవరికీ తెలియదు. రిజో ఎలుక, డ్రమ్ముల మీద పడి వాయించే ఆనిమల్ సరే. ఇక స్టాట్లర్, వాల్డార్ఫ్ అని బాల్కనీలో ఇద్దరు ముసలాళ్లుంటారు, రచ్చబండ మీద కూర్చుని దారినపోయే ప్రతివాడినీ ఎత్తిపొడిచే బాపతు.

వీళ్లనీ 'సెసమీ స్ట్రీట్' బొమ్మలనీ చాలామంది కలిపేస్తారు. మన దగ్గర 2006లో 'గల్లీ గల్లీ సిమ్ సిమ్' పేరుతో వచ్చింది ఆ కుటుంబమే. పుట్టించింది హెన్సనే అయినా ఆ వీధి బొమ్మలు వేరే సంస్థవి. కెర్మిట్ ముఠాని 2004లో డిస్నీ కొనుక్కుంది. అక్షరాలు, అంకెలు నేర్పుతారని ఈ సినిమాలు పెడితే నిరాశే. ఇక్కడ నేర్పేది ఏమీ లేదు, అంతా అల్లరే.

థియేటర్లకి వచ్చినవి ఎనిమిది: 1979, 1981, 1984, 1992, 1996, 1999, 2011, 2014. టీవీ కోసం తీసినవాటిని ఈ లెక్కలోకి తేవడం లేదు.

పక్కనున్న మనిషిని చూడండి

ఈ ఎనిమిదింటినీ కొలవడానికి నేను వాడే కొలబద్ద ఒక్కటే. బొమ్మల్ని కాదు, వాటి పక్కన నిలబడ్డ మనిషిని చూస్తాను. బొమ్మలు అన్ని సినిమాల్లోనూ బాగానే చేస్తాయి, వాటి లోపలున్న చేతులు అంత గొప్పవి. మనిషే తేడా. ఆ మనిషి కప్పతో కప్పలా కాక తోటి ఉద్యోగితో మాట్లాడినట్టు మాట్లాడితే, పందిని నిజంగా హీరోయిన్‌లా చూస్తే మనమూ నమ్మేస్తాం. 'నేను బొమ్మతో నటిస్తున్నాను, చూశారా ఎంత సరదానో' అన్నట్టు ముఖం పెడితే మాత్రం బొమ్మ అక్కడే గుడ్డముక్క అయిపోతుంది.

ఈ కొలతలో అందరికంటే పైన నిలిచేది 1992 నాటి 'ది మపెట్ క్రిస్మస్ కెరోల్', దాంట్లో మైకేల్ కేన్. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన కథ అది. స్క్రూజ్ అనే పరమ పిసినారి, క్రిస్మస్ ముందు రాత్రి వాడి దగ్గరికి వచ్చే మూడు ఆత్మలు, తెల్లారేసరికి వాడిలో మార్పు. కేన్ ఆ పాత్ర ఒప్పుకునేటప్పుడే, రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ నటులతో చేస్తున్నట్టే చేస్తాను, ఒక్కసారి కూడా కన్ను గీటను అన్నాడట. అలాగే చేశాడు. గుమాస్తా కప్ప అయినా, ఆ గుమాస్తా పెళ్లాం పంది అయినా, ఆయన ముఖంలో చిరాకు చిరాకులాగే, దుఃఖం దుఃఖంలాగే ఉంటాయి. బొమ్మలాడించేవాళ్లు కింద నిలబడటానికి సెట్లో నేలంతా తీసేస్తే, ఆయన సన్నటి పలకల మీద నడుస్తూ నటించాడు. సినిమాలో ఆ ఇబ్బంది ఛాయ కూడా కనపడదు.

నాకు ఈ సినిమాలో ఇంకా నచ్చేది గోంజో, రిజోల పని. గోంజో తానే చార్లెస్ డికెన్స్‌నని చెప్పుకుని కథ చెబుతుంటాడు, రిజో పక్కన ఉండి అడ్డం వస్తుంటాడు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది బాగా తెలిసిన ఏర్పాటే. తెర మీద రామాయణం నడుస్తుంటుంది, సీతమ్మ దుఃఖంలో ఉంటుంది, ఉన్నట్టుండి కేతిగాడు, బంగారక్క దూరి ఊళ్లో సంగతుల మీద మోటు జోకులేసి పోతారు. కథకి వాళ్లతో పనిలేదు, కానీ వాళ్లు లేకపోతే జనం తెల్లవార్లూ కూర్చోరు. ఈ ఎలుకా అంతే: కింద పడుతుంది, ఒళ్లు కాల్చుకుంటుంది, ఆకలేస్తోందంటుంది. మూడో ఆత్మ వచ్చేసరికి మాత్రం ఇద్దరూ 'ఇది మరీ భయంగా ఉంది, మీ తిప్పలు మీరు పడండి, చివర్లో కలుద్దాం' అని ప్రేక్షకుల్ని వదిలేసి జారుకుంటారు. కేతిగాడే తెర వదిలి పారిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ క్షణం. ఆ తర్వాత కాసేపు జోకే ఉండదు. ముఖం లేని, మాట్లాడని ఆత్మ, చిన్న కప్పపిల్ల ఊతకర్ర పక్కన ఖాళీ కుర్చీ. మొదటిసారి చూసినప్పుడు మా మేనల్లుడు వాళ్ల నాన్న దుప్పట్లోకి దూరాడు. ఐదారేళ్ల పిల్లలుంటే పక్కన కూర్చోండి, అంతే. ఆపేయక్కర్లేదు.

ఈ సినిమా చూడాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి, అభిమానుల మధ్య అసలు యుద్ధం దీని మీదే. స్క్రూజ్ యవ్వనంలో ప్రేమించిన అమ్మాయి అతన్ని వదిలి వెళ్లిపోతూ ఒక పాట పాడుతుంది. పిల్లలు విసుక్కుంటారని థియేటర్ ప్రింట్ నుంచి దాన్ని తీసేశారు. క్యాసెట్లో మాత్రం ఉండేది. బావగారు ఆ క్యాసెట్ రోజుల మనిషి, అందుకని ఆ పాట లేని ప్రింట్ పెడితే అన్నం ముందు నుంచి లేచిపోయినంత పని చేస్తారు. అసలు నెగటివ్ దొరక్క చాలా ఏళ్లు ఆ పాట మంచి క్వాలిటీలో లేదు. చివరికి దొరికింది, 2022 డిసెంబర్‌లో డిస్నీ ప్లస్‌లో పూర్తి నిడివి సినిమా పెట్టారు. నా వరకు ఆ పాట కొంచెం నెమ్మదే. కానీ సినిమా చివర్లో స్క్రూజ్ పాడేది అదే బాణీ. ముందు విననివాళ్లకి ఆ చివరి పాట ఎందుకు అంత బరువుగా ఉందో తెలియదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో బావగారిదే రైటు. పిల్లలు నీళ్లు తాగడానికి లేస్తే లేవనివ్వండి, పాట ఉన్న ప్రింటే పెట్టండి.

హెన్సన్ 1990 మేలో చనిపోయాడు. ఈ సినిమా ఆయన కొడుకు బ్రయన్ హెన్సన్ దర్శకత్వంలో మొదటిది, హెన్సన్ తర్వాత కెర్మిట్‌ని ఆడించిన స్టీవ్ విట్‌మైర్‌కి ఆ కప్పతో మొదటి సినిమా. అందరూ టెన్షన్‌తో చేశారని తెలిసి చూస్తే గుమాస్తా కప్ప కొడుకు పోయిన సీన్ వేరేలా తాకుతుంది.

మరి మొదటిదాని సంగతి?

'క్రిస్మస్ కెరోల్' పార్టీకి ఎదురు నిలబడేది 1979 నాటి 'ది మపెట్ మూవీ' పార్టీ. గొప్ప మపెట్ సినిమా ఏదని నన్ను నిలదీస్తే నేనూ ఇటే. చిత్తడి నేలలో దుంగ మీద కూర్చుని బాంజో వాయిస్తూ కప్ప ఒంటరిగా పాడే 'రెయిన్‌బో కనెక్షన్' తో మొదలవుతుంది. ఆ షాట్ కోసం హెన్సన్ నీళ్ల అడుగున ఒక ఇనుప డబ్బాలో ముడుచుకుని కూర్చుని, గొట్టంతో గాలి పీలుస్తూ, చిన్న మానిటర్‌లో చూసుకుంటూ చెయ్యి పైకి పెట్టి ఆడించాడు. ఆ సంగతి తెలిశాక కూడా నాకు కప్పే కనిపిస్తుంది, చెయ్యి కనిపించదు. తర్వాత ఆ కప్ప సైకిల్ తొక్కుతుంది, మొత్తం ఒళ్లంతా ఫ్రేములో! 1979 థియేటర్లలో జనం ఆశ్చర్యపోయింది అక్కడే.

కథ సింపుల్. హాలీవుడ్ వెళ్లి లక్షలమందిని నవ్వించాలని కప్ప బయల్దేరుతుంది, దారిలో ఒక్కొక్కరూ తోడవుతారు. కప్ప కాళ్ల వేపుడు అమ్మే హోటళ్ల యజమాని ఒకడు తన వ్యాపార ప్రకటనలో నటించమని దాన్ని తరుముతాడు. ఆలోచించండి, కప్ప కాళ్ల వేపుడుకి కప్పే ప్రచారం! ఆ యజమానిగా చార్లెస్ డర్నింగ్, పొగరుబోతు వెయిటర్‌గా స్టీవ్ మార్టిన్. చిట్టచివర్లో సినిమా కంపెనీ పెద్దగా ఆర్సన్ వెల్స్ కుర్చీలో కూర్చుని, నవ్వకుండా, రెప్ప వెయ్యకుండా, 'పేరూ డబ్బూ వచ్చే మామూలు కాంట్రాక్టు ఒకటి తయారుచెయ్' అని సెక్రటరీకి చెబుతాడు. నా కొలబద్ద అక్కడే పాసు.

అయినా మన ఇళ్లలో మొదటి సినిమాగా దీన్ని పెట్టమని చెప్పను. కారణం భాష. దీంట్లో సగం నవ్వు మాటల విరుపులోనే ఉంది. దారిలో 'ఫోర్క్' దగ్గర, అంటే రోడ్డు రెండుగా చీలేచోట, ఎడమకి తిరగమంటారు, చూస్తే రోడ్డు పక్కన నిజంగానే తినే ఫోర్క్ ఒకటి తాటిచెట్టంత ఎత్తున పాతి ఉంటుంది. అది సరే, కంటికి కనిపిస్తుంది కాబట్టి అమ్మ కూడా నవ్వింది. 'బేర్ లెఫ్ట్' అని కప్ప అంటే ఎడమకి పోనిమ్మని అర్థం. ఎలుగుబంటికి మాత్రం తననే పిలిచినట్టు వినిపించి 'రైట్, ఫ్రాగ్' అంటుంది. దీన్ని అమ్మకి వివరించేసరికి తర్వాతి మూడు జోకులు వెళ్లిపోయాయి. 'మిత్' అనే మాట మీద ఇంకోటుంది, దాన్ని నేను ప్రయత్నించను కూడా ప్రయత్నించలేదు. దారి తప్పానన్న ప్రతివాడికీ 'హరే కృష్ణ ట్రై చేశావా' అని సలహా ఇచ్చే జోకు మాత్రం మా ఇంట్లో బ్రహ్మాండంగా పండింది, ఆ అమెరికా వాళ్లు ఊహించి ఉండరు. ఇంగ్లీషు బాగా వచ్చిన టీనేజ్ పిల్లలుంటే దీంతోనే మొదలుపెట్టండి. లేదంటే రెండోదిగానో మూడోదిగానో చూడండి. అప్పటికి బొమ్మలు చుట్టాల్లా అలవాటవుతాయి కాబట్టి, ఆఖరి షాట్లో రెండొందల యాభైకి పైగా బొమ్మలు ఒకేసారి పాడుతుంటే ఒక్కో ముఖం వెతుక్కుంటారు.

నా ఒంటరి ఓటు

1981 నాటి 'ది గ్రేట్ మపెట్ కేపర్' ని హెన్సనే డైరెక్ట్ చేశాడు. కెర్మిట్, ఫోజీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవల విలేఖర్లు. కప్ప, ఎలుగుబంటి కవలలు! ఎవరూ గుర్తుపట్టలేరు, ఎలుగుబంటికి టోపీ ఉంటుంది కాబట్టి తెలుస్తుంది అంతే. ఈ ఒక్క అబద్ధాన్ని సినిమా మొత్తం ఎవరూ ప్రశ్నించకుండా మోస్తారు. లండన్‌లో నగల దొంగతనం కేసు. ఫ్యాషన్ వ్యాపారి లేడీ హాలిడేగా డయానా రిగ్, ఆమె తమ్ముడు నికీగా చార్లెస్ గ్రోడిన్. తన కుటుంబ చరిత్రంతా గబగబా ఏకరువు పెట్టిన లేడీ హాలిడేని 'ఇదంతా నాకెందుకు చెబుతున్నారు?' అని పిగ్గీ అడిగితే, 'కథ అర్థం కావడానికమ్మా, ఎక్కడో ఒకచోట చెప్పాలిగా' అన్నట్టు జవాబిస్తుంది. మన సినిమాల్లో పనిమనిషి, వంటమనిషి నిలబడి ఫ్లాష్‌బ్యాక్ చెప్పే సీన్లు చూసి పెరిగినవాణ్ని, పడీపడీ నవ్వాను.

గ్రోడిన్ గురించి చెప్పకపోతే పాపం. ఇతను విలన్, పైగా పందిని చూసి ప్రేమలో పడతాడు. ఆ ప్రేమని ఇతను నటించిన తీరు చూడండి. వెటకారం లేదు, అతి లేదు. పాపం నిజంగానే పడ్డాడు. పిగ్గీ ఈత కొలనులో పాత హాలీవుడ్ తరహా జలనృత్యం చేస్తున్నప్పుడు అతను పాడుతుంటాడు. ఆ సీన్ కోసం పిగ్గీ లోపలున్న ఫ్రాంక్ ఓజ్ స్కూబా నేర్చుకుని నీళ్లలో పనిచేశాడు. మైకేల్ కేన్ గొప్పే, కాదనను. కానీ గంభీరమైన కథలో గంభీరంగా ఉండటం ఒక ఎత్తు. పంది కోసం కుమిలిపోవడం ఇంకో ఎత్తు.

పార్కులో సైకిళ్ల సీన్ కూడా ఇందులోదే. మొదటి సినిమాలో ఒక్క కప్ప తొక్కితే ఇక్కడ ముఠా అంతా తొక్కుతుంది. ఇంగ్లీషు రాని అమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఈ సినిమాకి ఉన్న లోపం నాకూ తెలుసు. కథలో ఏడిపించేది ఏమీ లేదు. కళ్లు తడవకపోతే మంచి సినిమా కాదనుకునే ఇళ్లలో దీనికి గెలుపు కష్టం, మా ఇల్లు అలాంటిదే.

పెళ్లి సినిమా, దొంగల సినిమా

1984లో ఫ్రాంక్ ఓజ్ తీసిన 'ది మపెట్స్ టేక్ మన్‌హట్టన్' గురించి మా అమ్మ మాటే మాట. కాలేజీ నాటకాన్ని బ్రాడ్‌వే ఎక్కించాలని ముఠా న్యూయార్క్ వస్తుంది, డబ్బుల్లేక చెల్లాచెదురవుతుంది. తీరా అవకాశం వచ్చే వేళకి కెర్మిట్‌ని కారు గుద్ది జ్ఞాపకం పోతుంది. వేరే కప్పల దగ్గర సబ్బు ప్రకటనలు రాసే ఆఫీసులో చేరి వేరే పేరుతో బతుకుతుంటాడు. చివరికి పిగ్గీ చేతి దెబ్బతో జ్ఞాపకం తిరిగొస్తుంది. స్టేజి మీద పెళ్లి సీన్‌లో అసలు పంతులే వచ్చేస్తాడు. తలకి దెబ్బ, జ్ఞాపకం పోవడం, మళ్లీ దెబ్బ, పీటల మీద పెళ్లి: ఇది మన సినిమా కాదని అమ్మని ఒప్పించడం నావల్ల కాలేదు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే నిస్సందేహంగా దీన్నే ఎంచుకోండి. మనుషుల నటనలో చెప్పుకోదగ్గ మెరుపేమీ లేదు, అది నా ఫిర్యాదు. మధ్యలో బొమ్మలన్నీ పసిపిల్లలై ఉయ్యాలల్లో పాడే ఊహ ఒకటుంది. అది ఎంత హిట్టయిందంటే అదే ఏడాది దాని మీద కార్టూన్ సీరియల్ మొదలైంది.

ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలైతే 1996 నాటి 'మపెట్ ట్రెజర్ ఐలండ్'. స్టీవెన్సన్ నవలే ఆధారం. లాంగ్ జాన్ సిల్వర్ అనే సముద్రపు దొంగగా టిమ్ కరీ. ఇతను నా కొలబద్దని తలకిందులు చేశాడు. కేన్ లాగా తగ్గి చేయడు, బొమ్మలకంటే పెద్ద బొమ్మ అయిపోతాడు. కళ్లు తిప్పుతాడు, గొంతు సాగదీస్తాడు, పాట వస్తే ఓడ అదిరిపోతుంది. అయినా నప్పింది. ఎందుకంటే ఎక్కడా బొమ్మల్ని చూసి నవ్వడు, వాటితో పోటీ పడతాడు. అంతకుముందు మొదట్లోనే బిల్లీ కానలీ పాత్ర చచ్చిపోతే, ఇది పిల్లల సినిమా కదా అని రిజో లబలబలాడతాడు. నడిసముద్రంలో గాలి ఆగిపోయి ఓడలో అందరికీ పిచ్చెక్కే పాట దగ్గర మా మేనకోడలు పరుపు మీద నిలబడి ఎగురుతుంది. నేపథ్య సంగీతం హాన్స్ జిమ్మర్. పెద్ద సౌండ్ సిస్టమ్ ఉన్న స్నేహితుడి ఇంట్లో చూడాల్సింది ఇదే. గోల ఎక్కువ, మనసుకి పట్టేది తక్కువ. కానీ ఆ వయసు పిల్లలకి మనసుకి పట్టడం కంటే ఓడ ముఖ్యం.

1999 నాటి 'మపెట్స్ ఫ్రమ్ స్పేస్' ని చివరికి వదిలేయండి. గోంజో ఎవరో, ఏ జాతో తెలియకపోవడమే వాడి అందం. మొదటి సినిమాలో రాత్రి ఎడారిలో మంట పక్కన కూర్చుని వాడు పాడే పాటలో, ఎప్పుడూ చూడని ఇంటి మీద బెంగ అంతా ఉంది. ఈ సినిమా వచ్చి 'వాడు వేరే గ్రహంవాడు' అని తేల్చేసింది. పొడుపుకథకి విప్పు చెప్పేసి, పొడుపుకథ ఎక్కడ పోయిందని వెతికినట్టుంది. పైగా తమ సొంత పాటలు లేని మపెట్ సినిమా ఇదొక్కటే, అన్నీ పాత ఫంక్ పాటలు. పెపే అనే రొయ్య ఉన్నంతసేపు బాగానే నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

కొత్తవి రెండూ

చిత్రమేంటంటే ఎక్కువమంది మొదలుపెట్టేది 2011 నాటి 'ది మపెట్స్' తో. కొత్త సినిమా కదా, పిల్లలకి నచ్చుతుంది అనుకుంటారు. నేను వద్దంటాను. ఇది చెడ్డ సినిమా కాబట్టి కాదు. జేసన్ సీగల్, ఏమీ ఆడమ్స్ ఇద్దరూ బొమ్మల్ని చిన్నప్పటి స్నేహితుల్లా చూస్తారు, నా పరీక్షలో మంచి మార్కులే. కానీ కథంతా విడిపోయిన ముఠా మళ్లీ కలవడం గురించి. పెద్ద ఇంట్లో కప్ప ఒక్కడే, గోడల మీద పాత ఫొటోలు. ఊరొదిలి ఏళ్లకి తాతగారింటికి వెళ్లి దుమ్ము పట్టిన ఊయల బల్ల చూస్తే మనకి గుండె పట్టేస్తుంది. ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా ఆడుకోని పిల్లాడికి అది దుమ్ము పట్టిన బల్లే. కనీసం రెండు పాత సినిమాలు చూశాక దీన్ని చూడండి, తేడా మీకే తెలుస్తుంది. 'మ్యాన్ ఆర్ మపెట్' పాటకి బ్రెట్ మెకెంజీ ఆస్కార్ అందుకున్నాడు. 'రెయిన్‌బో కనెక్షన్' కి నామినేషన్ దగ్గరే ఆగిపోయింది. మన 'నాటు నాటు' 2023లో గెలిచిన విభాగమే అది. కాకపోతే 'మ్యాన్ ఆర్ మపెట్' ఏడాది పోటీలో ఉన్నవి రెండే పాటలు, అది బావగారు మర్చిపోకుండా గుర్తుచేస్తుంటారు.

2014 నాటి 'మపెట్స్ మోస్ట్ వాంటెడ్' థియేటర్లలో అంతకుముందు దానిలో సగం వసూళ్ల దగ్గరే ఆగింది. దాని మీద జనానికి చిన్నచూపు ఉంది, నాకు లేదు. కాన్‌స్టంటీన్ అనే గజదొంగ కప్ప అచ్చు కెర్మిట్‌లా ఉంటుంది, ఒక్క పుట్టుమచ్చ తేడా. దాని మీద ఆకుపచ్చ రంగు పూసుకుని వాడు కెర్మిట్ స్థానంలోకి వస్తాడు, మన కెర్మిట్‌కి మచ్చ అంటించి సైబీరియా జైలుకి పంపిస్తారు. డబుల్ యాక్షన్, పుట్టుమచ్చ! మా మేనల్లుడికి ఇది చూపించిన రోజు వాడి తాతగారి తరం సినిమాల గురించి గంటసేపు పాఠం చెప్పాల్సి వచ్చింది. జైలు అధికారిగా టీనా ఫే పాడుతూ ఖైదీల్ని అదిలించే సీన్లు బ్రహ్మాండం. రికీ జెర్వైస్ మాత్రం ప్రతి సీన్‌లోనూ కన్ను గీటుతున్నట్టే అనిపిస్తాడు. నా కొలబద్దతో చూస్తే ఎనిమిదిలో అందరికంటే తక్కువ మార్కులు ఇతనికే. పాటలు మాత్రం 2011 వాటికంటే చలాకీగా ఉన్నాయి, ఆ మాట అంటే అభిమానులు కొడతారు.

ఇంతకీ ఏది పెట్టాలి

మూడు తరాలు ఒకే హాల్లో ఉండి, ఒక్కటే చూస్తాం అంటే 'క్రిస్మస్ కెరోల్'. పండగ మీది కాకపోయినా ఫర్వాలేదు, పిసినారి మారడం అన్ని ఊళ్లలోనూ కథే, పైగా గంటన్నరలోపే అయిపోతుంది. పెద్దవాళ్లకి సబ్‌టైటిల్స్ చదివే ఓపిక లేకపోతే 'మన్‌హట్టన్', పిల్లల పుట్టినరోజుకి పదిమంది చేరితే 'ట్రెజర్ ఐలండ్'. పిల్లలు పడుకున్నాక మీరిద్దరే చూస్తే, దయచేసి, నా కోసం ఒక్కసారి 'కేపర్'. చిన్న ఇబ్బంది ఒకటుంది. 'మన్‌హట్టన్', 'స్పేస్' రెండూ సోనీ వైపు నుంచి వచ్చినవి. అందుకని మిగతావాటి పక్కన అదే యాప్‌లో ఉంటాయని అనుకోకండి, ముందురోజే వెతికి పెట్టుకోండి. అందరూ పరుపుల మీద సర్దుకున్నాక రిమోట్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే ఏమవుతుందో మా ఇంట్లో అనుభవమే. అమ్మ నిద్రపోయింది.

వరసగా అన్నీ చూడాలనుకునేవాళ్లకి నా వరస: 1992, 1981, 1979, 1996, 1984, తర్వాత 2011, 2014. ఓపిక ఉంటే 1999. దీనికి బావగారు ఒప్పుకోలేదు. 1979 మొదట లేకపోతే అది వరసే కాదంటారు, మళ్లీ తన ఓటు మాత్రం 1992కే వేస్తారు. ఆయనతో నేను పడలేను.

1979 సినిమా చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. చివర్లో పేర్లు పడుతుంటే టీవీ కట్టేయకండి. పోయినేడు మేం దుప్పట్లు మడతపెడుతుండగా, అంతా అయిపోయిందనుకున్నాక, తెర మీదికి ఆనిమల్ దూకి, ఇంకా కూర్చున్నారేంటి, ఇంటికి పోండి, ఇంటికి పోండి అని అరిచాడు. అమ్మ ఉలిక్కిపడి లేచి, "మనింట్లోనే కదరా ఉన్నాం" అంది.